సాంబారు అండాతో టెస్ట్ డ్రైవ్

కొర్లగుంటలో మునిలక్ష్మి ఇల్లెక్కడ అని అడిగితే నలుగురు నాలుగు వైపులు చూపిస్తారు. ముని పేరు లేని ఇల్లు ఆ చుట్టుపక్కల దొరకడం కష్టం. సాంబారు మునిలక్ష్మి అని అడగాలి. అప్పుడు ఏ ఆటోవాడైనా మారుమాట లేకుండా తెచ్చి ఆమె గుమ్మం ముందే దించుతాడు.

ఆ పేరు ఆమెకు ఊరకే రాలేదు. చిత్తూరు బస్టాండు పక్క సందులో నాయన మునిరామయ్య నడిపిన టిఫిను అంగట్లో పుట్టిన చేయి అది. పలకా బలపం పట్టే వయసులో గరిటె పట్టింది. పెళ్లయి తిరుపతి వచ్చాక భర్త జీతం ఇంటి బాడుగకీ పాలవాడికీ సరిపోతుంటే, ఒకరోజు ఎవరికీ చెప్పకుండా క్యారియరు కట్టుకుని ఆసుపత్రి ముందు నిలబడింది. రోగుల వెంట వచ్చినవాళ్లు తిన్నారు, మర్నాడు మళ్లీ అడిగారు. అలా మొదలైన క్యారియరు గిన్నె అయింది, గిన్నె అండా అయింది. ఇప్పుడు ఇంటి వెనక రేకుల షెడ్డులో రెండు పెద్ద పొయ్యిలు, ఇద్దరు పనిమనుషులు, పొద్దున నుంచి ఇంగువ వాసన.

భర్త రవిచంద్ర ఒక లాడ్జిలో కౌంటరు గుమాస్తా. మంచివాడు. మంచివాళ్లకుండే జబ్బే ఆయనకూ ఉంది. చివర ఎవరు మాట్లాడితే వాళ్ల మాటే న్యాయంగా తోస్తుంది. కాబట్టి ఆ ఇంట్లో ఏదైనా తేలాలంటే చివర మాట్లాడేవాళ్లు ఎవరన్నదే ముఖ్యం. చాలా ఏళ్లుగా ఆ చివరి మాట రవిచంద్ర అన్న దామోదరానిది.

ఈసారి తేలాల్సింది కారు సంగతి.

చంద్రగిరి దాటాక ఒక నర్సింగ్ హాస్టలు ఉంది. అక్కడి పిల్లలకు మధ్యాహ్నం భోజనం పంపే పని మునిలక్ష్మికి వచ్చింది. అంత పెద్ద పని ఆమెకు అదే మొదలు. వంట ఆమె చేతిలో పని, అది తప్పదు. తప్పేదల్లా దారిలోనే. మాట్లాడుకున్న ఆటో ఒకనాడు వచ్చేది, ఒకనాడు కొండకు పోయే భక్తులు దొరికితే వచ్చేది కాదు. వచ్చిన రోజున సాంబారు సగం అండాలో, సగం ఆటోలో. హాస్టలు వార్డెనమ్మ కోప్పడలేదు. కోప్పడి ఉంటే మునిలక్ష్మి బదులు చెప్పేది. ఆమె మెత్తగానే చెప్పింది.

"నీ చేతి వంట బాగుండాదమ్మా. కానీ ఈ పిల్లోళ్లకి తినేదానికి అరగంటే టైము. నువ్వు ఆలస్యంగా వస్తే ఆకలి కడుపుతోనే వార్డుకి పోతా ఉండారు. వచ్చే నెల నుంచి సొంత బండి ఉంటే తీసుకురా. లేదంటే నేను వేరేవాళ్లని చూసుకోవాల."

ఆకలి కడుపుతో అన్న మాట మునిలక్ష్మికి గుచ్చుకుంది. తన పేరు చెప్పుకుని ఎవరో పస్తుండడం ఆమె జన్మలో జరగలేదు. ఎత్తిన చీటీ డబ్బు బ్యాంకులో ఉంది. లైసెన్సు బీరువాలో ఉంది. ఆ లైసెన్సుదీ ఒక కథే. మొదటిసారి పరీక్షలో బండిని వెనక్కి తిప్పబోయి పాతిన కర్రను పడగొట్టింది. "ఈ వయసులో మనకెందుకులే" అని అందరూ ఓదార్చారు. ఆ ఓదార్పుకు ఆమెకు ఒళ్లు మండింది. మర్నాడు తెల్లవారేసరికి మళ్లీ నేర్పేవాళ్ల గేటు ముందు నిలబడింది. రెండోసారి కర్రలన్నీ నిలబడే ఉన్నాయి. తర్వాత వీధిలోని టెంటుహౌసు వాళ్ల పాత వ్యానును బతిమాలి తీసుకుని కొన్నాళ్లు నడిపింది. చేతికి ధైర్యం వచ్చింది.

అయినా మన వైపు కారు కొనడమంటే పెళ్లిచూపులకు పోవడమే. ఇంటిల్లిపాదీ కదలాలి. అందరూ చూడాలి, అందరూ వంకలు చెప్పాలి. అసలు మనిషిని మాత్రం ఎవరూ ఏమీ అడగరు.

దామోదరం లేకుండా ఆ వీధిలో ఎవరూ కారు కొన్నది లేదు. దామలచెరువు మామిడికాయలు మద్రాసుకు తోలి తోలి నెరిసిన లారీ డ్రైవరు ఆయన. ఇప్పుడు పని మానేసినా స్టీరింగు మీద పెత్తనం మానలేదు. ఆయన ఊఁ అంటే ఆ బండి ఇంటికి వచ్చేది. పెదవి విరిస్తే అమ్మేవాడు దేవుడికి మొక్కుకోవాల్సిందే.

ఆదివారం రేణిగుంట రోడ్డులో తౌసిఫ్ అనే కుర్రవాడి పాత కార్ల అంగడికి అందరూ పోయారు. మునిలక్ష్మి అత్త వరలక్ష్మమ్మ కూడా మోకాళ్లు పట్టుకుని బయల్దేరింది. తౌసిఫ్ రెండు కార్లు తుడిచి సిద్ధంగా పెట్టాడు. ఒకటి ఎర్రది, పొడుగ్గా, నేలకు దగ్గరగా, గంభీరంగా ఉంది. రెండోది వెండిరంగుది, పొట్టిగా, ఎత్తుగా, కాస్త తపేలా మీద తపేలా పెట్టినట్టు ఉంది.

ఎవరెక్కడ కూర్చోవాలో ఎవరూ చెప్పనక్కరలేదు. స్టీరింగు ముందు దామోదరం. పక్కన రవిచంద్ర. వరలక్ష్మమ్మకు తల తిరుగుతుంది కనుక కిటికీ. అమ్మేవాడు కనుక తౌసిఫ్‌కు రెండో కిటికీ. మిగిలిన నడిమి చోటు మునిలక్ష్మికి. ఆమె కారులో చూసిందల్లా బావగారి మెడ వెనక మడతా, భర్త నడినెత్తి బట్టతలా. అంతకు మించి ఆ కార్ల గురించి ఆమెను పరీక్షలో అడిగితే సున్నా వచ్చేది.

ఎర్రకారు దిగగానే దామోదరం దాని బానెట్టు మీద ఎద్దు వీపు తట్టినట్టు తట్టాడు.

"ఇది బండి. పట్టుకుంటే చేతికి బరువు తెలస్తా ఉండాది. రోడ్డును పట్టుకునే పోతాది."

వెండి కారు దిగినప్పుడు మాత్రం చేతులు దులుపుకున్నాడు. "ఇదేందప్పా, స్టీరింగు పట్టుకుంటే అప్పడం పట్టుకున్నట్టుండాది. గట్టిగా దగ్గితే పక్కకి పోతాది."

రవిచంద్రకు వెండి కారే నచ్చింది. అందులో ఏసీ చల్లగా ఉందట. మిట్టమధ్యాహ్నం ఎండలో నిలబడి నిలబడి అందులోకి ఎక్కాడు మరి, ఆ నిమిషంలో ఐసు డబ్బాలో కూర్చోబెట్టినా బాగుందనే అనేవాడు. వరలక్ష్మమ్మ ఓటు ఎర్రకారుకు. "నా మంచం మీద పడుకున్నట్టే ఉండాదిరా నాయనా, ఒక కుదుపు లేదు" అని మోకాళ్లు రాసుకుంది.

కారు ఒకటే. ఎక్కినవాళ్లకల్లా అది వేరే కారు అయింది. లారీ తోలిన చేతికి ఒక కారు, చెమట పట్టిన వీపుకు ఒకటి, నొప్పి మోకాళ్లకు ఇంకొకటి. ఎవరి ఒంట్లో బాధను బట్టి వాళ్లకు బండి దొరుకుతుంది. ఈ మాట వాళ్లతో చెబితే ఒప్పుకోరు. అందరూ బండినే చూశామని ప్రమాణం చేస్తారు.

"అక్కా, మీకు ఏది బాగుండాది?" అని అడిగినవాడు తౌసిఫ్ ఒక్కడే.

ఆమె నోరు తెరిచేలోపే దామోదరం అందుకున్నాడు. "ఆయమ్మకి ఏముండాది, ఏదైనా ఒకటే. ఎర్రదే ఖాయం చెయ్యి. శుక్రవారం వచ్చి అడ్వాన్సు ఇస్తాం."

రవిచంద్ర కూడా తలాడించాడు. చివరి మాట అన్నదే కదా.

మునిలక్ష్మి ఇంటికొచ్చి అన్నం వడ్డిస్తూ, అందరి ముందూ అంది.

"బుధవారం నేను పోయి ఆ రెండు బండ్లూ నడిపి సూస్తా. ఒట్టి బండి కాదు. సాంబారు అండా పెట్టుకోని సూస్తా. నా పని అదే గదా. ఏ బండిలో తొణక్కుంటే అదే తెస్తాం."

దామోదరం నవ్వాడు. "అట్లే కానీ, మునిలచ్చిమీ. నువ్వెట్ట సూసినా ఎర్రదే గెలస్తాది."

బుధవారం ఆమె నిజంగానే అండా తీసుకుని పోయింది. మెడ దాకా సాంబారు పోసి, మూత మీద తడి గుడ్డ కట్టింది. తౌసిఫ్ అండాను చూసి రెండడుగులు వెనక్కి వేశాడు. అంగడి పెట్టినప్పటి నుంచి టైర్లు తన్నినవాళ్లను చూశాడు, నిమ్మకాయలు తొక్కించినవాళ్లను చూశాడు. సాంబారుతో వచ్చిన మనిషిని చూడలేదు. అయినా అక్కా అని పిలిచాడు కాబట్టి కాదనలేకపోయాడు.

ముందు ఎర్రకారు. మునిలక్ష్మి సీట్లో కూర్చుంటే ఆమె కళ్లకు స్టీరింగు అంచే ఎదురైంది. మడిచిన తువ్వాలు కింద వేసుకుంది. అయినా బానెట్టు ఎక్కడ ముగుస్తుందో కనిపించలేదు. ఆ పొడుగు ముక్కు ఎవరికి తగులుతుందో అని భయమేసింది. పళ్లు బిగబట్టి విమానాశ్రయం వైపు కొంత దూరం పోయి తిరిగొచ్చింది. వెనకనున్న బస్సువాడు హారను మోగించి మోగించి చివరికి పక్కనుంచి తిట్టుకుంటూ పోయాడు. దిగి చూస్తే అండా మీద గుడ్డ పొడిగా ఉంది. చుక్క తొణకలేదు.

తర్వాత వెండి కారు. ఎక్కిన క్షణంలోనే ఆమె భుజాలు దిగాయి. రోడ్డంతా కళ్ల ముందు పరిచినట్టుంది. కాలు చాపితే బ్రేకు అందింది, చేయి చాపితే గేరు అందింది. తన పొయ్యి దగ్గర తాను నిలబడినట్టే అనిపించింది. ఇంత తేలికగా తిరిగే చక్రాన్ని బావగారు అప్పడం అన్నాడే అనుకుని లోపల నవ్వుకుంది కూడా. ఆ నవ్వులోనే కొత్తగా వేసిన స్పీడు బ్రేకరును చూడలేదు. కారు ఎగిరింది. వెనక అండా ఎగిరింది. గుడ్డ ఊడింది. ఒక్క నిమిషంలో కారంతా మెంతులూ ఇంగువా.

తౌసిఫ్ తల పట్టుకున్నాడు. "అక్కా, మీరు దీన్ని కొనకపోతే నేను ఇడ్లీ అంగడోడికే అమ్ముకోవాల."

ఆమె బకెట్టు అడిగి తానే డిక్కీ అంతా కడిగింది. కడుగుతుంటే కళ్లలో నీళ్లు తిరిగాయి. బండి పాడైందని కాదు. తన పందెం తనమీదే తిరగబడిందని. మనసు చెప్పింది వెండి కారు, అండా చెప్పింది ఎర్రకారు. అండా చెప్పిందే చెల్లుతుందని అందరి ముందూ అన్నది తానే.

ఇంటికి పోయి ఉన్నదున్నట్టు చెప్పింది. దాచడం ఆమెకు చేతకాదు. దామోదరం తొడ చరిచాడు.

"సూసినావా? నేను సెప్తే మగోడి పెత్తనం అంటారు. ఇప్పుడు సాంబారే సాక్ష్యం సెప్పింది. ఇంక మాట్లాడేదానికి ఏముండాది?"

మునిలక్ష్మి ఆ సాయంత్రం చింతపండు పిసుకుతూ కూర్చుంది. ఓడిపోయినందుకు బాధపడాలో, ఒప్పుకోవాలో తేలడం లేదు. ఎర్రకారు ఎక్కడం తలచుకుంటేనే అరచేతులు తడుస్తున్నాయి. రోజూ ఆ భయంతో చంద్రగిరి దాకా పోవాలా? బస్సువాడి తిట్లు గుర్తొచ్చాయి. అసలు వాడెందుకు తిట్టాడు? తాను చీమలా పోయింది కాబట్టి. సైకిలు మీద పోయే పాలవాడు కూడా తనను దాటిపోయాడు. అలా పాకుతూ పోతే ఎడ్లబండిలో పెట్టినా సాంబారు తొణకదు!

చింతపండు గిన్నెలోనే వదిలేసి లేచింది. అండా బండిని చూడలేదు, నా భయాన్ని చూసింది. వెండి కారులో నా సంతోషాన్ని చూసింది. బండి ఎట్టుందో అది ఒక్క ముక్క చెప్పలేదు.

ఆ మాట భర్తకు చెబితే "నిజమేనే" అన్నాడు. అన్న వచ్చి ఇంకోటి చెబితే దానికీ నిజమే అంటాడని ఆమెకు తెలుసు. అందుకని నేరుగా బావగారి వాకిట్లోకే పోయింది.

"బావా, అదే ఎర్రకారు, అదే అండా. రేపు మీరు నడపండి."

దామోదరం మీసం మీద చేయి పడింది. "నేనా? నేను నడిపితే తొణికేదా? పద."

వరలక్ష్మమ్మ తానూ వస్తానంది. ఇంత తమాషా జరుగుతుంటే మోకాళ్లు నొప్పని ఇంట్లో కూర్చునే మనిషి కాదు ఆమె. తౌసిఫ్ ఒకే ఒక్క షరతు పెట్టాడు. "సాంబారు వొద్దు పెద్దాయనా. నీళ్లు పోసుకోండి, మీకు పుణ్యముంటాది." నీళ్ల అండాను ఈసారి వెనక సీటు ముందు, వరలక్ష్మమ్మ కాళ్ల దగ్గరే పెట్టారు.

దామోదరం తాను ఎప్పుడూ నడిపినట్టే నడిపాడు. రోడ్డు తన సొంతమన్నట్టు పోయాడు, ఆటో అడ్డమొస్తే ఆఖరి నిమిషంలో బ్రేకు తొక్కాడు, మలుపులో గేరు విరిచాడు. మొదటి బ్రేకుకే నీళ్లు వరలక్ష్మమ్మ ఒళ్లో పడ్డాయి. రెండోదానికి మిగిలినవీ పడ్డాయి. దిగేసరికి ముసలామె నిలువునా తడిసి ఉంది.

"ఏందిరా ఇది? నువ్వు లారీ తోలినన్నాళ్లూ మామిడికాయలకి నోరు లేదు కాబట్టి సరిపోయిందిరా. ఉండుంటే నీకు ఎప్పుడో పని పోయేది!"

తౌసిఫ్ అటు తిరిగి నవ్వాడు. మునిలక్ష్మి నవ్వలేదు. బావగారి ముఖం చిన్నబోవడం ఆమె చూసింది. ఆయన్ని ఓడించాలని రాలేదు ఆమె.

తడి చీర పిండుకుంటూ వరలక్ష్మమ్మ ఇంకో మాట కూడా అంది. ఎర్రకారు ఈసారి మంచంలా లేదట, రోలు మీద కూర్చున్నట్టు ఉందట. దానికి తౌసిఫ్ గొంతు సవరించుకున్నాడు.

"ఆదివారం దాని టైర్లలో గాలి కొంచెం తగ్గించి పెట్టినా అవ్వా. పెద్దోళ్లు వస్తారని తెలిస్తే అట్లా పెడతాం. మెత్తగా పోతాది. నిన్ననే సరిగా కొట్టించినా." ఒక్క క్షణం ఆగి తనకు తానే సర్దిచెప్పుకున్నాడు. "అదేం అబద్ధం ఆడినట్టు కాదులే. మా అమ్మ పెళ్లిచూపులకి పోయినప్పుడు పిల్ల ఇంట్లో బిర్యానీలో నెయ్యి ఎక్కువ ఏసినారంట. అట్లాంటిదే."

దామోదరం ఇంకా పట్టు వదలలేదు. అంత తేలికగా వదిలితే ఆయన దామోదరమే కాదు. "అండా గొడవ పక్కన పెట్టు మునిలచ్చిమీ. నా మాట విను. బండికి బరువుండాల. తేలిక బండిని నమ్మి రోడ్డెక్కకూడదు. నేను సూసినన్ని రోడ్లు నువ్వు సూడలేదు."

"సూడలేదు బావా. కాదన్నానా? మీకు బరువుంటే ధైర్యం. నాకు కనిపిస్తే ధైర్యం. మీరు ఎత్తున కూర్చోని బతికినోళ్లు. మీకు ఏ బండిలో అయినా రోడ్డు కనిపిస్తాది. నాకు ఆ ఎర్రదాంట్లో ఏమీ కనిపించలా. కనపడని దారిలో నన్ను రోజూ పొమ్మంటారా?"

దామోదరం నోరు తెరిచేలోపే ఆమె మళ్లీ అందుకుంది. "రేపు హాస్టలు భోజనం నేనే ఆ వెండి బండిలో తీసుకోని పోతా. ఆటోని రావద్దని చెప్పేసినా. రేపు గూడా తొణికిందంటే మీరు చెప్పిన బండే కొనండి. నేను నోరెత్తను."

ఆటోను వద్దని చెప్పేసిందని విని రవిచంద్ర ఆ పూట అన్నం సరిగా తినలేదు. రేపు ఆలస్యమైతే హాస్టలు పనీ పోతుంది, అన్న ముందు పరువూ పోతుంది. మునిలక్ష్మి మాత్రం కడుపునిండా తింది. పస్తుండి బండి నడపడం ఆమె లెక్కలో లేదు.

మర్నాడు మధ్యాహ్నానికి ముందే తౌసిఫ్ వెండి కారును తెచ్చి వాకిట్లో పెట్టాడు. డిక్కీలో అన్నం గిన్నెలు, వేపుడు, మజ్జిగ సర్దారు. సాంబారు అండాను పాత సైకిలు ట్యూబుతో బిగించి వెనక సీటు ముందు నిలబెట్టారు. తౌసిఫ్ ముందు సీటెక్కాడు. అప్పుడు దామోదరం వచ్చాడు. ఎవరూ పిలవలేదు. వెనక తలుపు తీసి, అండా పక్కన ముడుచుకుని కూర్చున్నాడు. ఆ మనిషి కారులో వెనక కూర్చోవడం ఆ వీధిలో ఎవరూ చూసి ఉండరు.

"నేనేమీ మాట్లాడను. పోనీ" అన్నాడు.

మాట్లాడకుండా ఉంటాడని మునిలక్ష్మి నమ్మలేదు. బండి కదలగానే వెనకనుంచి "గేరు మార్చు" వినిపించింది. తర్వాత "ఎడమకి, ఎడమకి". ఆయన చెప్పినవాటిలో సబబుగా ఉన్నది ఆమె చేసింది, లేనిది వదిలేసింది. అలిపిరి వైపు నడిచిపోయే పసుపు బట్టల భక్తుల గుంపొకటి రోడ్డుకు అడ్డంగా వచ్చింది. వాళ్లు గోవిందా అంటూ పోయేదాకా ఆగింది. మొన్నటి భయం లేదు, మొన్నటి మురిపెమూ లేదు. స్పీడు బ్రేకరు దూరం నుంచే కనపడింది. అన్నం గంజి వార్చేటప్పుడు గిన్నెను ఎంత మెల్లగా వంచుతుందో అంత మెల్లగా దాన్ని దాటింది.

చెర్లోపల్లె దాటాక ఒక బస్సు హారను కొట్టుకుంటూ వచ్చి ముందుకు దూరింది. ఇప్పుడు తిడతాడు బావ అనుకుంది. వెనకనుంచి మాట రాలేదు. తొండవాడ దగ్గర గుంతలు వచ్చాయి, ఒక్కొక్కటే తప్పిస్తూ పోయింది. అప్పుడూ మాట రాలేదు. కోపం వచ్చినట్టుంది అనుకుంది. వస్తే రానీ. తిరిగి చూసే తీరిక ఆమెకు లేదు. ముందు రోడ్డుంది, ఆ రోడ్డు చివర ఆకలితో ఉన్న పిల్లలున్నారు. ఈ పని తనది. ఎవరు మెచ్చినా మెచ్చకున్నా ఈ చక్రం తన చేతిలో ఉంది.

హాస్టలు గేటులోకి తిప్పేసరికి భోజనం గంట ఇంకా కొట్టలేదు. వరండాలో వార్డెనమ్మ గడియారం చూసుకుంది, మునిలక్ష్మిని చూసింది, లోపలికి పోయి పిల్లల్ని వరసలో నిలబెట్టింది.

మునిలక్ష్మి దిగి వెనక తలుపు తీసింది. అండా మీద గుడ్డ ఎక్కడా తడవలేదు. పోసిన సాంబారు పోసినంతా ఉంది. దాని పక్కనే అద్దానికి తల ఆనించి, ఒక చేయి అండా మీద వేసి, నోరు కాస్త తెరిచి, దామోదరం గాఢనిద్రలో ఉన్నాడు.

తౌసిఫ్ లేపబోతే ఆమె వద్దని సైగ చేసింది. ట్యూబు మెల్లగా విప్పి, ఇద్దరూ కలిసి అండా దించారు. కంచాల చప్పుడు మొదలయ్యాకే ఆయనకు మెలకువ వచ్చింది. తాను ఎక్కడున్నాడో అర్థం కాక చుట్టూ చూశాడు. దిగొచ్చి అండాలోకి తొంగి చూశాడు. తర్వాత కారును ఒకసారి చుట్టి వచ్చాడు. ఏమంటాడో అని తౌసిఫ్ చూస్తూ నిలబడ్డాడు.

"ఈ బండి నాకు నచ్చలా" అన్నాడు దామోదరం. "నిన్న ఏమన్నానో ఈపొద్దూ అదే అంటా. తేలిక బండి."

మునిలక్ష్మి చేతిలో గరిటె ఆగింది.

"కానీ మునిలచ్చిమీ, ఇన్నేండ్లు లారీ తోలినా. ఒళ్లు నొప్పులుండి వేరేవాడి చేతికిచ్చిన రోజులుండాయి. పక్కన కూర్చోని తెల్లార్లూ వాడి కాళ్లనే సూసేవాణ్ణి. ఒకరి చేతి కింద కన్ను మూసింది లేదు. ఈపొద్దు యాడ నిద్రపోయినానో నాకే తెలీదు." ముఖం అటు తిప్పుకున్నాడు. "బండి సంగతి నాకెందుకు? నువ్వు నడపతావు, నువ్వే తీసుకో."

ఎండలో నిలబడ్డ ఆ పెద్దమనిషికి మునిలక్ష్మి ముందుగా ఒక గ్లాసు మజ్జిగ పోసి ఇచ్చింది.

టెస్ట్ డ్రైవ్ ముగిసిన ప్రతిసారీ చాచినట్టే తౌసిఫ్ అలవాటుగా తాళం కోసం చేయి చాచాడు. ఆమె ఆ తాళాన్ని రొంటిన దోపుకుంది.

"ఇది ఇంక ఈడనే ఉంటాది తమ్ముడూ" అని, కంచాలు పట్టుకుని నిలబడ్డ పిల్లల వైపు తిరిగింది.